అలికిన నేల, ఎగిరిన బంతి

2005 ఫిబ్రవరిలో హైదరాబాదు లాల్ బహదూర్ టెన్నిస్ ప్రాంగణమున, సింథటిక్ పూత పూసిన గట్టి కోర్టుపై, పదునెనిమిదేండ్ల సానియా మీర్జా ఉక్రెయిన్ దేశీయురాలగు అల్యోనా బొండారెంకోను ఓడించి, డబ్ల్యుటిఎ సింగిల్స్ టైటిల్ గెలిచిన ప్రథమ భారత మహిళగా కీర్తి గాంచినప్పుడు, పత్రికలన్నియు ఆ బాలిక ఫోర్‌హ్యాండును కొనియాడినవి, ఆమె తెగువను కొనియాడినవి, తలిదండ్రుల పట్టుదలను కొనియాడినవి. ఆ ఫోర్‌హ్యాండు ఏ నేలపై పుట్టినదో విచారించినవారు మాత్రము మిక్కిలి అరుదు. ఆరేండ్ల ప్రాయమున తాను రాకెట్టు పట్టిన నాటి హైదరాబాదులో గట్టి కోర్టులు దాదాపు లేవనియు, పేడ అలికిన కోర్టులపైననే ఆట నేర్చితిననియు ఆమెయే తరువాతి కాలమున పలుమారులు చెప్పియున్నది. పరదేశీయులకు ఆ మాట వింతగా తోచునేమో గాని, తెలుగు జిల్లాలలో ఏ ఆఫీసర్స్ క్లబ్బు ప్రహరీ ప్రక్కగానైనను ఒకప్పుడు నడచినవారికి అందులో వింత యేమియు లేదు.

ఆ కోర్టుల నిర్మాణము చూడ ముచ్చటైనది. అడుగున కంకర, దానిపై మొరము, ఆపైన జల్లెడ పట్టిన ఎర్రమన్నును ఇసుకయు కలిపి పరచి, నీరు పట్టించి, రోలరు లాగి, ఆరనిచ్చి, మరల నీరు పట్టించి మరల లాగి, ఇట్లు నేల రాయివలె బిగిసిన తరువాత పలుచగా కలిపిన పేడనీటితో పైపూత వేయుదురు. పేడలోని సన్నని గడ్డిపీచు మట్టిరేణువులను పట్టి యుంచును, దుమ్ము లేవనీయదు, ఎండకు నేల నెరియలు విచ్చుటను కొంతవరకు నిలువరించును. కళ్ళము అలికి ధాన్యము నూర్చిన చేతులకు, ముంగిట కళ్ళాపి చల్లిన చేతులకు ఈ విద్య క్రొత్తది గాదు గనుక, ఇంజనీర్ల ప్రమేయము లేకయే, టెండర్ల గొడవ లేకయే, ఊరి కూలీలతో ఊరి మన్నుతో కోర్టు సిద్ధమయ్యెడిది.

సిద్ధమగుట సులభమే, నిలుపుకొనుటయే కష్టము. మట్టికోర్టునకు ప్రతిదినమును సేవ కావలెను. ముందునాటి సాయంత్రము ఆట ముగిసిన పిమ్మట మాలి నీరు చల్లి పోవును. రాత్రియంతయు ఆ తడి లోనికి దిగి, తెల్లవారునప్పటికి నేల వ్రేలితో నొక్కిన గుంట పడక, గోటితో గీసిన గీత పడునంతటి పదునులో నుండవలెను. అప్పుడు ఇద్దరు మనుష్యులు ఇనుప రోలరును నిడుపుగా నొకసారి, అడ్డముగా నొకసారి లాగుదురు. తరువాత గోనెపట్టానో కొబ్బరిపీచు చాపనో త్రాడు కట్టి ఈడ్చి, నిన్నటి అడుగుజాడలను మాపుదురు. కట్టకడపట త్రాడు బిగించి సున్నపు గీతలు వేయుదురు. కొన్ని క్లబ్బులలో సున్నమునకు బదులు తెల్లని నాడాను మేకులతో దిగగొట్టెడివారు. ఆ నాడా యెచ్చట కొంచెము లేచినను దానిపై పడిన బంతి ఎటు పోవునో చెప్పుట బ్రహ్మకును శక్యము గాదు. నీరెక్కువైనచో బంతి లేవదు. తక్కువైనచో దుమ్ము రేగి, బంతి జారి, మడమల యెత్తున దూసుకొని పోవును. ఉదయము ఆరు గంటలకు మెత్తగా నున్న కోర్టు తొమ్మిదింటికి గట్టిపడి, సాయంత్రము నాలుగింటికి పెళుసుబారును. ఒక్క దినమున ఒక్క కోర్టే మూడు కోర్టులుగా మారుచుండగా, దానిపై ఆడు పిల్లవాడు బంతిని చూచుటకు ముందు నేలను చూచుట నేర్చుకొనును.

ఈ నేర్పు సామాన్యమైనది గాదు. బంతి ఎట్లు లేచునో నమ్మకము లేనివాడు రాకెట్టును దూరముగా వెనుకకు లాగడు. చేయి చిన్నగా వెనుకకు తీసి, చివరి క్షణము వరకు వేచి, మణికట్టుతో దిశ మార్చును. అట్టివాని ఆటలో సున్నితత్వముండును, స్లైసుండును, నెట్టునకు దగ్గరగా బంతిని చంపివేయు చాతుర్యముండును. ఆస్ట్రేలియా ఖండమున క్వీన్స్‌లాండు రాష్ట్రమందు రాడ్ లేవర్ బాల్యమున ఆడిన కోర్టు చెదపుట్టల మన్నును పొడిచేసి పరచినది. ఆ ప్రాంతమున పుట్టమన్ను సమృద్ధిగా దొరకుటయు, నీరు తగిలిన పిమ్మట అది గట్టిపడుటయు దీనికి కారణములు. ఆ నేలపై ఓనమాలు దిద్దిన లేవర్ 1962లో నొకమారు, 1969లో మరొకమారు, ఒకే సంవత్సరమున నాలుగు మహాటోర్నమెంట్లను గెలుచుకొనెను. ఆ దేశపు క్రీడాకారిణియే యగు ఎవాన్ గూలగాంగ్ పండ్లపెట్టె చెక్కతో చేసిన బ్యాటు పట్టి గోడకు బంతి కొట్టుచు ఆట మొదలుపెట్టినది. ఇట్టి కథలు వినుటకు ఇంపుగా నుండును. అంతమాత్రమున చెడ్డనేలయే గొప్ప ఆటగాండ్రను కనునని సిద్ధాంతము చేయుట అన్యాయము. ఆ నేలలపై నాలుగు నెలలాడి, బంతి మొగమునకు తగిలి, విసుగు పుట్టి, రాకెట్టు అటక నెక్కించినవారి లెక్క ఎవ్వరును వ్రాసి యుంచలేదు.

నేలకును బంతికిని గల సంబంధము రెండు విషయములపై ఆధారపడి యుండును. ఒకటి రాపిడి, రెండవది తిరిగి లేపు గుణము. రాపిడి యెక్కువయైనచో నేల బంతిని క్షణకాలము పట్టుకొని, దాని వేగమును హరించి, పైకి విసరును. తక్కువయైనచో బంతి జారుచు క్రిందుగా పోవును. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య ఈ లక్షణములను యంత్రముతో కొలిచి కోర్టులను ఐదు తరగతులుగా విభజించినది: 29 అంకె వరకు మందము, 45 అంకెయు అంతకు మించినదియు శీఘ్రము, నడుమ మూడు మెట్లు. పారిస్ నగరపు రోలాఁ గారోస్ కోర్టుపై కనబడు ఎరుపు ఒకటి రెండు మిల్లీమీటర్ల ఇటుకపొడి మాత్రమే. దాని క్రింద తెల్లని సున్నపురాతి పొర, ఇంకను క్రింద బొగ్గు చిట్టెము, రాళ్ళు. ఆ పొడిపై కాలు జారించి నిలువరించుట యొక కళ. మన పేడకోర్టును చూచి ఇదియు అదియే యనుకొనువారు పొరబడుదురు. మనది కాలిన మట్టివలె బిగిసిన నేల. దానిపై బంతి అంతగా ఆగదు, అంతగా లేవదు. కాలు జారినచో మోకాలు చీరుకొనుటయే గాని కళ యేమియు లేదు. కనుకనే మట్టిలో పుట్టి పెరిగిన మన కుఱ్ఱవాడు ఐరోపా మట్టికోర్టులకు పోయి అపరిచితునివలె నిలుచుట తరచుగా సంభవించినది.

ఇక పచ్చిక. కలకత్తా సౌత్ క్లబ్బు పచ్చికయే బహుకాలము భారత టెన్నిస్‌నకు దుర్గముగా నుండెను. 1966లో అచ్చటనే రామనాథన్ కృష్ణన్ బ్రెజిలు ఆటగాడు తోమస్ కోచ్‌పై నిర్ణాయక మ్యాచి గెలిచి భారతమును తొలిసారి డేవిస్ కప్ ఫైనలునకు చేర్చెను. అంతకు ముందే 1960, 61 సంవత్సరములలో వింబుల్డన్ పచ్చికపై అతడు సెమీఫైనలు వరకు నడచి యుండెను. 1987లో సిడ్నీ పచ్చికపై ఆస్ట్రేలియాను వారి గడ్డమీదనే ఓడించిన మన జట్టు, ఫైనలునకు గోటెన్‌బర్గు పోగా, స్వీడను దేశస్థులు పైకప్పు క్రింద మట్టి పరచి 5-0గా ఇంటికి పంపిరి. నేల యెన్నుకొను హక్కు ఎంత పదునైన ఆయుధమో తెలియుటకు ఈ యొక్క సంవత్సరమే చాలును. 1993లో ఫ్రాన్సును వారి ఫ్రేజూస్ మట్టిపైననే ఓడించుట గలదు గాని, అది ఆశ్చర్యముగా ఈనాటికిని చెప్పుకొనుచున్నామన్నచో అదియే దాని అరుదుదనమునకు సాక్ష్యము. అప్పటికి మనకు దేశపు జట్టు ఆడిన నేల పచ్చిక. దేశపు పిల్లలు ఆడిన నేల మట్టి. గుంటూరు బాలుడో, వరంగల్లు బాలికయో జన్మలో నొకమారైనను పచ్చిక కోర్టుపై కాలు మోపుట దుర్లభము. శిఖరమునకు పునాదికి నడుమ మెట్లు వేయుటను ఆ దినములలో ఎవ్వరును తలపెట్టిన జాడ కనబడదు.

ఈలోపల లోకమే నేలను మార్చుకొనినది. అమెరికా ఓపెన్ 1974 వరకు పచ్చికపైన, తరువాత మూడేండ్లు మట్టిపైన జరిగి, 1978 నుండి గట్టి కోర్టునకు వచ్చినది. ఆస్ట్రేలియా ఓపెన్ 1988లో ఆ మార్గమే పట్టినది. మనమును వెంట నడచితిమి. 2002లో జాతీయ క్రీడలకును, మరుసటి యేడు ఆఫ్రో-ఆసియా క్రీడలకును హైదరాబాదు ఆతిథ్యమిచ్చినది. ఆ తరువాతి కాలమున నగరమందును, క్రమముగా జిల్లా కేంద్రములందును, నీలిపచ్చని సింథటిక్ కోర్టు లేని క్రీడాప్రాంగణము క్రీడాప్రాంగణమే కాదను భావము స్థిరపడినది. సిమెంటు కాంక్రీటు గాని తారు గాని అడుగున వేసి, దానిపై ఇసుక కలిపిన అక్రిలిక్ రంగును పొరలు పొరలుగా పూయుదురు. ఆ ఇసుక పాలు హెచ్చించినచో కోర్టు నెమ్మదించును, తగ్గించినచో చుఱుకుదేరును. ఆ పాలును నిర్ణయించునది కోచి గాదు, కాంట్రాక్టరు. ఏ పిల్లలు ఏ వయస్సువారు ఆడుదురో అతనికి తెలియదు. బస్తాలో మిగిలిన ఇసుక యెంతయో అతనికి తెలియును.

గట్టి కోర్టునకు గల సుగుణములను దాచుట ధర్మము గాదు. దానిపై బంతి మాట తప్పదు. ఒకే వేగముతో పడిన బంతి ఒకే యెత్తున లేచును. నేలను నమ్మగలిగిన పిల్ల చేతిని నిండుగా త్రిప్పును, కాళ్ళను స్థిరముగా నాటును, బలముగా కొట్టుట నేర్చును. వాన వెలిసిన గంటకే నీరు తుడిచి ఆడవచ్చును. ఇంచియోన్ ఆసియా క్రీడలలో 2014లో సానియాతో కలసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణము గెలిచిన సాకేత్ మైనేని సర్వీసును చూచినవారికి, లండను ఒలింపిక్సులో లియాండర్ పేస్ సరసన నిలిచిన విష్ణువర్ధనుని సర్వీసును చూచినవారికి, అది వేచి చూచు మట్టికోర్టు ఆట గాదని, గట్టినేలను నమ్మిన తరము ఆటయని వేరుగ చెప్పనక్కరలేదు.

అయితే ఆ కోర్టు మన నేలపై నిలువవలెను గదా! కృష్ణా, గుంటూరు మండలముల నల్లరేగడి వానాకాలమున ఉబ్బును, వేసవిలో ముడుచుకొని చేయి దూరునంతటి నెరియలు విచ్చును. ఆ మట్టిని లోతుగా త్రవ్వి తీసివేసి, మొరముతో నింపి, అదిమి, అప్పుడు కాంక్రీటు వేసినచో కొంతకాలము నిలుచును. తొందరలో పైపైన వేసినచో, రెండు మూడు వేసవులు గడచునంతలో బేస్‌లైనునకు అడ్డముగా నొక పగులు బయలుదేరి, క్రమముగా నెట్టువరకు ప్రాకును. వాలు సరిగా లేనిచోట నీరు నిలిచి, రంగు బొబ్బలెక్కి ఊడిపోవును. మట్టికోర్టులో గుంట పడినచో మాలి ఒక తట్ట మన్నుతో, ఒక చెంబు నీటితో ఉదయమే సరిచేయును. సింథటిక్ కోర్టు పగిలినచో పట్టణము నుండి మనిషి రావలెను, అంచనా వేయవలెను, మంజూరు కావలెను. కోర్టు కట్టుటకు పద్దు గలదు. కాపాడుటకు పద్దు లేదు. ప్రారంభోత్సవమున మంత్రిగారు రిబ్బను కత్తిరించి నాలుగు బంతులు కొట్టిన ఫోటో ఆఫీసు గోడపై చెక్కుచెదరక నుండగా, కోర్టుపై గీతలు చెరిగి, నెట్టు నడిమిపట్టీ తెగి, పిల్లలు కన్నముల నడుమ నుండి బంతిని పోనిచ్చి పాయింటు ఎవరిదని వాదులాడుకొను దృశ్యము అనేక పట్టణములలో సామాన్యము.

ఎండ సంగతి వేరు. మనదేశమున పిల్లలు ఆటలు నేర్చునది వేసవి సెలవులలో. అనగా రెంటచింతల, రామగుండము వంటి చోట్ల వేడిమి 45 డిగ్రీలు దాటు దినములలో. గట్టి కోర్టు ఆ వేడిని దాచుకొని, గాలికన్న అధికముగా కాలును. పలుచని అడుగుగల బూట్లలో నుండి ఆ సెగ పాదములకు తగులుచుండును. శిబిరము ఐదున్నరకు మొదలై ఎనిమిదికి ముగియుట ఇందుకే. ఇంకొక చిక్కు బంతిలో నున్నది. లోపలి వాయువు వేడికి వ్యాకోచించుటచే వేసవిలో బంతి మామూలుకన్న ఎత్తుగా లేచును. పెద్దవారికి అది స్వల్పభేదము. తొమ్మిదేండ్ల పిల్లకు ఆ భేదమే ఆటయంతయు.

ఈ విషయమున నేను కొంత నిలిచి చెప్పదలచినాను. ఏలయన మన శిబిరములలో జరుగు నష్టములలో పెద్దది ఇచ్చటనే యున్నదని నా తలంపు. నియమముల ప్రకారము పసుపుపచ్చని టెన్నిస్ బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తునుండి గట్టినేలపై విడిచినచో 135 నుండి 147 సెంటీమీటర్ల వరకు లేవవలెను. ఆ బంతిని తొమ్మిదేండ్ల పిల్లకు, నిండు కోర్టులో, అనగా 23.77 మీటర్ల పొడవున, ఆవలినుండి కోచి కొట్టి పంపును. అది ఆమె ముందు పడి లేచి భుజము దాటి, ఒక్కొక్కప్పుడు తల దాటి పోవును. వెనుకకు జరిగి బంతి దిగువరకు ఆగుదమన్న, బడి ఆవరణలో ఇరికించిన కోర్టు వెనుక జాగా యేది? బేస్‌లైను వెనుక 6.40 మీటర్లు, ప్రక్కల 3.66 మీటర్లు విడువవలెనను సంగతి నకాశాలో నుండవచ్చును. ఆచరణలో ప్రహరీగోడ మూడడుగులు దాటకయే ఎదురగును. ఆ పిల్ల యేమి చేయును? భుజముపై నున్న బంతిని కొట్టుటకు అరచేతిని రాకెట్టు పిడి క్రిందికి త్రిప్పి పట్టును, మోచేతిని లేపును, నడుము వెనుకకు వంచును. అది ఆమె తప్పు గాదు. ఆ బంతికి ఆ యెత్తున అదియొక్కటే జవాబు. రెండేండ్లు అట్లే ఆడినచో ఆ పట్టు చేతిలో నాటుకొనును. పదునాల్గవ యేట ఎత్తు పెరిగి, క్రిందుగా వచ్చు బంతి నెదుర్కొనవలసి వచ్చినప్పుడు ఆ పట్టు విడిపించుటకు కోచి పడు పాట్లు, పిల్ల కార్చు కన్నీరు చెప్పనలవి గాదు. మోచేతి నొప్పి, మణికట్టు నొప్పి అదనము.

దీనికి మందు లోకమున ఎప్పుడో సిద్ధమైనది. ఎర్ర, నారింజ, ఆకుపచ్చ గుర్తుల బంతులు మూడు మెట్లుగా కలవు. ఎర్రబంతి మామూలు బంతికన్న నూటికి డెబ్బదియైదు పాళ్ళు మందము. దానిని అదే ఎత్తునుండి విడిచినచో 90 నుండి 105 సెంటీమీటర్లు మాత్రమే లేచును. నారింజది 105 నుండి 120. ఆకుపచ్చనిది 120 నుండి 135. ఎర్రబంతికి కోర్టు పొడవు 10.97 మీటర్లు, నారింజకు ఇంచుమించు 18 మీటర్లు. నెట్టును 80 సెంటీమీటర్ల వరకు దింపవచ్చును. 2012 జనవరి నుండి పదేండ్లలోపు పిల్లల పోటీలలో మామూలు పసుపుబంతి వాడరాదని ఆటనియమములలోనే చేర్చిరి. నిండు కోర్టు నొకదానిని అడ్డముగా విభజించినచో ఎర్రబంతి కోర్టులు నాలుగు పట్టును. అనగా ఇద్దరాడుచు పదుగురు చూచుచుండు చోట ఎనిమండుగు రాడవచ్చును. ఇంత తెలిసియు మన వేసవి శిబిరములలో అధికభాగమున పసుపుబంతియే రాజ్యమేలుచున్నది. కారణము నిర్లక్ష్యమొక్కటియే గాదు. తలిదండ్రుల చిన్నచూపు గూడ. మెత్తని బంతితో చిన్న కోర్టులో ఆడుచున్న బిడ్డను చూచి, ‘ఫీజు కట్టినది దీనికా?’ యని ప్రశ్నించు తండ్రికి సమాధానము చెప్పలేక, కోచి పెద్దబంతి నందించును.

బంతుల చరిత్రయే మన క్లబ్బుల ఆర్థికశాస్త్రము. మూడు బంతుల డబ్బా మూత తీసినప్పుడు వచ్చు ‘స్‌స్’ శబ్దముతోనే వాటి ఆయువు తరుగుట మొదలగును. లోపలి ఒత్తిడి దినదినము సన్నగిల్లును. తొలి వారము అవి మెంబర్ల మ్యాచిలో నుండును. పైనున్న నూగు అరిగిన తరువాత కోచింగు బుట్టలోనికి దిగును. గట్టి కోర్టు గరుకునకు ఆ నూగు మట్టికోర్టుపైకన్న వేగముగా పోవును. బోడిబంతి అయిన పిమ్మట ప్రహరీ దాటి వీధిలోని క్రికెట్టునకు చేరును. తెలుగుదేశమున అమ్ముడగు కాస్కో బంతులలో రాకెట్టు మొగము చూచునవి ఎన్ని, బ్యాటు మొగము చూచునవి ఎన్ని యని లెక్క తీసినచో టెన్నిస్ సంఘముల వారు సిగ్గుపడవలసి వచ్చునేమో.

రాకెట్టు విషయమున కాలము మనకు మేలే చేసినది. కొయ్య రాకెట్టు బరువు. పైగా వానాకాలపు చెమ్మకు వంగిపోవును గనుక, నాలుగు మరలు గల చట్రములో బిగించి యుంచవలసి వచ్చెడిది. 1976లో హోవర్డ్ హెడ్ అను ఇంజనీరు ప్రిన్స్ కంపెనీకై పెద్దతల గల అల్యూమినియం రాకెట్టును మార్కెట్టునకు తెచ్చెను. 1981లో మెకెన్రో వింబుల్డను గెలిచిన తరువాత కొయ్య రాకెట్టుతో ఆ టైటిల్ గెలిచిన పురుషుడు లేడు. పెద్దతల వచ్చిన తరువాత తప్పుకొట్టినను బంతి నెట్టు దాటుట సులభమైనది. నేర్చుకొనువారికి అది పెద్ద వరము. కాని మన ఇండ్లలో రాకెట్టును కొను పద్ధతి, జూన్ మాసమున రెండంగుళములు వదులుగా యూనిఫారము కుట్టించు పద్ధతియే. ఎదుగు బిడ్డ గదా యని ఎనిమిదేండ్లవానికి 27 అంగుళముల నిండు రాకెట్టు చేతిలో పెట్టుదురు. వానికి 23 అంగుళములది చాలును. పొడవు మించినచో వాడు పిడి చివర విడిచి మధ్యలో పట్టుకొనును. మిగిలిన పిడి ముంజేతికి తగులుచు, చేతి తిరుగుడునే చెరుచును. గట్టింగు తెగినచో మరొక చిక్కు. చిన్న ఊళ్ళలో గట్టింగు యంత్రము లేదు. విజయవాడకో హైదరాబాదునకో పంపి వారము వేచియుండవలెను. కనుక తెగకుండ నుండవలెనను ఆశతో గట్టి పాలియెస్టరు తీగ వేయించుదురు. ఆ తీగ తెగదు. దాని అదురును చిన్నచేయి భరించును.

కోర్టు దగ్గర కాలు మోపు హక్కు సంగతి కూడ ఎత్తక తప్పదు. 1883లో విశాఖలో వాల్తేరు క్లబ్బు వెలసిన నాటి నుండి టెన్నిస్ మనకు దొరల యాటగా, వారి తరువాత దొరల కుర్చీలలో కూర్చున్నవారి యాటగా వచ్చినది. సాయంత్రము కచేరీ ముగిసిన పిమ్మట కలెక్టరు, జడ్జి, సివిల్ సర్జను, పేరుమోసిన ప్లీడరు. ఇదియే డబుల్సు జట్టు. కలెక్టరుగారు సర్వీసు చేయునప్పుడు గీత త్రొక్కినచో ఫుట్‌ఫాల్టని పలుకు ధైర్యము మునసబునకు గాని తహసీలుదారునకు గాని కలిగినట్లు ఎచ్చటను వినము. బంతు లందించుటకు వట్టికాళ్ళతో పరుగెత్తు కుఱ్ఱవాండ్రు ప్రక్కబస్తీ వారు; మెంబర్లకు భాగస్వాములు కుదరనినాడు ఎదుట నిలిచి ఆడు మార్కరు ఒకప్పటి బంతులకుఱ్ఱవాడే. కోర్టులో అందరికన్న బాగుగా నాడువాడు అతడే. ఆ కోర్టులో సభ్యత్వము లేనివాడును అతడే. మధ్యాహ్నపు వేళ, మెంబర్లు నిద్రించుచుండగా, ఎండిన మట్టికోర్టుపై విరిగిన రాకెట్లతో ఈ కుఱ్ఱవాండ్రు దొంగచాటుగా ఆడుకొనెడివారు. మాలి చూచియు చూడనట్లుండెడివాడు, ఏలయన ఆట ముగియగనే వారే రోలరు లాగుదురు. నేడు నగరశివారు అకాడమీలలో సింథటిక్ కోర్టునకు తాళము వేయుదురు, గంటకింత యని అద్దె గట్టుదురు. అరుగుదల సొమ్ము పెట్టి కొన్నదైనప్పుడు ఊరకయే ఎవ్వరిని ఆడనిత్తురు? బస్తీ బాలుడు టెన్నిస్‌లో ప్రవేశించిన సన్నని సందు మట్టికోర్టుతోబాటు మూతపడినదని నాకు తోచుచున్నది.

మరల ఊరూర పేడ అలుకుదమని నేను చెప్పబోవుట లేదు. సాయంకాలము నీరు చల్లి ఉదయము రోలరు లాగు మాలిని జీతమిచ్చి నిలుపుకొనగల సంస్థలు తగ్గిపోయినవి. పైస్థాయిలో ఆడదలచినవారికి గట్టి కోర్టు అవసరమును తిరుగులేనిది. కాని పదేండ్లలోపు పిల్లలకు కావలసినది ఇంకొకటి. అది మన ప్రతి గ్రామమున ఇదివరకే యున్నది. ఉన్నతపాఠశాల ఆవరణలో, పంచాయతి స్థలములో, పొగాకు బారనుల ప్రక్కన, ఎచ్చట చూచినను వాలీబాల్ కోర్టు. దాని పొడవు 18 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు. నారింజబంతి టెన్నిస్ కోర్టు పొడవును ఇంచుమించు అంతయే, వెడల్పు 8.23 మీటర్లకు మించదు. ఆ నేల ఇప్పటికే చదునైనది, త్రొక్కుడుపడి బిగిసినది, చుట్టును జాగా గలది. స్తంభములు పాతియే యున్నవి. పైనున్న నెట్టును 80 సెంటీమీటర్లకు దింపి కట్టవలెను. వాలీబాల్ ఆడువారు సాయంత్రము వచ్చువారు; ఉదయమును, మధ్యాహ్నపు ఆటల పీరియడును ఖాళీయే. వ్యాయామోపాధ్యాయుడు ఒక త్రాడు, ఒక డబ్బా సున్నము పట్టుకొనినచో అరగంటలో సర్వీసు గీతలు పడును.

నారింజబంతులు మండలకేంద్రపు దుకాణములో దొరకవు, నిజమే. వాటికి బదులుగా క్లబ్బుల బుట్టలలో ఒత్తిడి తగ్గి మూలబడియున్న పాత బంతులు పనికివచ్చును. అవి క్రిందుగా లేచును, నెమ్మదిగా వచ్చును. ఒక్క జాగ్రత్త మాత్రము అవసరము: పాత బంతులన్నియు ఒక తీరున నుండవు, ఒకటి మోకాలి వరకే లేచినచో మరొకటి రొమ్ము దాటును. బడిగోడపై నేలనుండి 254 సెంటీమీటర్ల వద్ద బొగ్గుతో నొక గీత గీసి, క్రింద 105 వద్దను, 120 వద్దను మరి రెండు గీతలు గీయవలెను. గోడప్రక్క సిమెంటు చప్టాపై పైగీతనుండి ఒక్కొక్క బంతిని విడిచి చూచి, ఆ రెండు గీతల నడుమకు లేచినవానిని పిల్లల బుట్టలో వేయవలెను. 120 దాటినవానిని పెద్దపిల్లలకు వేరుగ తీసి పెట్టవలెను. 105 కందనివానిని వీధిలో వేచియున్న క్రికెట్టు జట్టున కిచ్చివేయవచ్చును.